వంటగట్టు మీద నా నీడే పడుతోంది, లైటు ఎక్కడ పెట్టించాలి?

విశాఖ ఎంవీపీ కాలనీలో మా ఫ్లాటు. వంటింట్లో ట్యూబ్‌లైటు నా వెనక గోడకి ఉంది. తరిగే కూరల మీద నా నీడే పడుతుంది. అమ్మకి డెబ్భై దాటాయి, బియ్యంలో రాళ్లు కనబడటం లేదంటోంది. సముద్రం వైపు బాల్కనీకి కూడా ఒక లైటు కావాలి.

జవాబు: వెనక ఎంత పెద్ద లైటు వేసినా నీడ పోదండి. గట్టు పైన అరలుంటే వాటి అడుగున, ముందు అంచుకి దగ్గరగా ఎల్‌ఈడీ పట్టీ వేయించండి. 4000 కెల్విన్ (మరీ పసుపు, మరీ నీలం కాని తెల్లటి వెలుగు), సీఆర్ఐ 90 (రంగులు ఎంత సహజంగా కనబడతాయో నూటికి చెప్పే అంకె) ఉన్నదే అడగండి. పప్పులో పురుగు, కూర రంగు స్పష్టంగా తెలుస్తాయి. అమ్మగారి కోసమైనా దీన్ని వాయిదా వేయకండి.

జవాబు: మాదీ విశాఖే, సముద్రం ఒడ్డున లాసన్స్ బే. బాల్కనీకి ఇనుప ఫిటింగు వద్దే వద్దు, ఉప్పుగాలికి తుప్పు పట్టేస్తుంది. ప్లాస్టిక్ బాడీ, ఐపీ65 (దుమ్ము, నీటి జల్లు లోపలికి పోని రకం) చూసి కొనండి.

పట్టీ స్టవ్ పైకి కూడా లాగించమంటారా?

జవాబు: వద్దండి. ఆవిరి, వేడి తగిలి త్వరగా పాడవుతుంది. అక్కడికి చిమ్నీ లైటు చాలు.