ఒక్క మెయిల్ దగ్గరే ఇన్‌బాక్స్ ఆగిపోతోంది, ఏం చేయాలి?

పద్మ_అకౌంట్స్:
నిన్నటి నుంచి ఆఫీసు మెయిల్ దిగుతూ దిగుతూ ఒకచోట ఆగి ప్రోగ్రామ్ మూసుకుపోతోంది. మళ్లీ తెరిస్తే పాతవే రెండోసారి వస్తున్నాయి, కొత్తది ఒక్కటీ రావట్లేదు. పాప్3 (సర్వర్ నుంచి మెయిల్‌ని కంప్యూటర్‌లోకి దించుకునే పద్ధతి) అకౌంట్. జీఎస్టీ బిల్లులన్నీ అందులోనే ఉన్నాయి, చాలా టెన్షన్‌గా ఉంది. ప్రోగ్రామ్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయనా?

సర్వర్_శీను:
వద్దండీ. తేడాగా ఉన్న ఒక మెయిల్ సర్వర్‌లో కూర్చుని ఉంది, ఎన్నిసార్లు ఇన్‌స్టాల్ చేసినా అక్కడికే వచ్చి ఆగుతుంది. బ్రౌజర్‌లో వెబ్‌మెయిల్ తెరిచి, చివరిగా దిగిన దాని తర్వాతి మెయిల్‌ని వేరే ఫోల్డర్‌లోకి జరపండి. పాప్3 ఇన్‌బాక్స్ తప్ప ఇంకేదీ చూడదు. డిలీట్ మాత్రం చేయకండి, అది బిల్లే కావచ్చు.

నల్లతెర:
వెబ్‌మెయిల్ లేనివాళ్లకు: ఓపెన్‌ఎస్ఎస్ఎల్ అనే కమాండ్ టూల్‌తో మెయిల్ సర్వర్‌లో పాప్3 కోసం ఉండే 995 పోర్టుకు కనెక్ట్ అయ్యి లాగిన్ అవ్వండి. లిస్ట్ కొడితే మెయిల్ నంబర్లు, సైజులు వస్తాయి. టాప్ 41 0 అంటే 41వ మెయిల్ హెడర్లు (పంపినవారు, తేదీ, సబ్జెక్టు లాంటి పై వివరాలు) మాత్రమే కనిపిస్తాయి, ఎవరు పంపారో తెలిసిపోతుంది. చెరిపే కమాండ్ డి-ఇ-ఎల్-ఇ, కానీ చివర్లో క్విట్ కొడితేనే నిజంగా చెరుగుతుంది. కనెక్షన్ మధ్యలో తెగిపోతే మెయిల్ అలాగే ఉంటుంది.

పద్మ_అకౌంట్స్:
జరిపాను శీను గారూ, మిగతావన్నీ వచ్చేశాయి, చాలా థాంక్స్! ఆగింది ఒక సప్లయర్ బిల్లు. సోర్స్ (మెయిల్ పచ్చి రూపం) తెరిస్తే పైన బౌండరీ అని ఒక పొడవాటి కోడ్ ఉంది, కింద భాగాల మధ్య ఉన్న కోడ్ వేరే.

సర్వర్_శీను:
అదే అసలు జబ్బు. బౌండరీ అంటే మెయిల్ భాగాలను విడదీసే గుర్తు. కింది దాని ముందుండే రెండు గీతలు (--) తప్ప, ఆ రెండూ అక్షరం తేడా లేకుండా కలవాలి, లేకపోతే అటాచ్‌మెంట్ ఎక్కడ మొదలైందో ప్రోగ్రామ్‌కి తెలియదు. అలా అని క్రాష్ అవ్వడం కూడా తప్పే, చెడ్డ మెయిల్ వస్తే పచ్చి టెక్స్ట్‌గా చూపించి ముందుకు పోవాలి. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లు హెచ్‌టీఎమ్ఎల్ (మెయిల్ ఎలా కనిపించాలో చెప్పే కోడ్) మొత్తాన్ని ఒకే లైన్‌లో కుక్కడం కూడా చూస్తున్నాం, లైన్‌కు 998 అక్షరాలు మించకూడదని ప్రమాణాల్లో స్పష్టంగా ఉంది.

తెలుగు_టైపిస్ట్:
సబ్జెక్టులో తెలుగు మధ్యలో ప్రశ్నార్థకాలు రావడం కూడా ఇలాంటిదే. యూటీఎఫ్-8లో (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) ఒక్కో తెలుగు అక్షరానికి, గుణింతపు గుర్తుకీ 3 బైట్లు. సబ్జెక్టును 75 అక్షరాలు దాటని ముక్కలుగా కోడ్ చేయాలి, కొన్ని సాఫ్ట్‌వేర్లు ఆ 3 బైట్ల మధ్యలోనే కోసేస్తాయి.

నల్లతెర:
పద్మ గారూ, ఆ సప్లయర్‌కి చెప్పేటప్పుడు ఫార్వర్డ్ చేయకండి, ఫార్వర్డ్‌లో మెయిల్ కొత్తగా తయారై తప్పు మాయమైపోతుంది. ఈఎమ్ఎల్ ఫైల్‌గా (మెయిల్‌ని ఉన్నదున్నట్టు దాచే ఫైల్) సేవ్ చేసి, జిప్ చేసి పంపండి.