సీజన్ ఆరంభంలో తడబడుతున్న జట్టుపై ఎంతకాలం ఓపిక పట్టాలి?

నేను ఎన్నో ఏళ్లుగా అభిమానిస్తున్న ఫుట్‌బాల్ జట్టు ఈ సీజన్‌లో మొదటి ఆరు లీగ్ మ్యాచ్‌లలో ఒక్కటే గెలిచింది. ఓటముల కంటే నన్ను ఎక్కువగా బాధిస్తున్నది అభిమానుల తీరు. గత మ్యాచ్‌లో ఇంకా ఇరవై ఏళ్లు నిండని మా డిఫెండర్, ముందుకు పాస్ ఇచ్చే దారి లేక బంతిని గోల్‌కీపర్‌కు వెనక్కి ఇచ్చినప్పుడు, మా వాళ్లే లేచి నిలబడి గేలి చేశారు. ఆ తర్వాత ఆ కుర్రాడు బంతిని అడగడానికే జంకాడు.

నిరాశ నాకూ ఉంది. అయితే 38 మ్యాచ్‌ల ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో 2021–22 సీజన్‌ను ఆర్సెనల్ ఒక్క గోల్ కూడా లేకుండా వరుసగా మూడు ఓటములతో మొదలుపెట్టి, కోచ్ ఆర్టెటాను మార్చకుండానే చివరికి ఐదో స్థానంలో నిలిచింది. మరోవైపు 2017–18లో క్రిస్టల్ ప్యాలెస్ నాలుగు లీగ్ ఓటములకే కోచ్ ఫ్రాంక్ డి బోయర్‌ను తొలగించి, రాయ్ హాడ్జ్‌సన్‌ను తెచ్చుకుని, మొదటి ఏడు మ్యాచ్‌లూ ఓడినా 11వ స్థానానికి చేరింది. ఓపికా ఫలించింది, మార్పూ ఫలించింది. అందుకే నాకు ఏదీ తేలడం లేదు.

ఫలితాలను పక్కన పెట్టి, సృష్టించిన గోల్ అవకాశాలు, ప్రత్యర్థుల బలం, గాయపడిన ఆటగాళ్ల సంఖ్య చూసి అంచనా వేయాలంటే కనీసం ఎన్ని మ్యాచ్‌లు ఆగాలి? సొంత ఆటగాళ్లను గేలి చేస్తున్న తోటి అభిమానులకు, గొడవ పడకుండా, మీరైతే ఎలా నచ్చజెప్పేవారు?