నవంబర్ 25కి మా అపార్ట్‌మెంట్‌లో ఏం చేయొచ్చు? కొవ్వొత్తుల ర్యాలీ కాకుండా

ప్రశ్న (బెంగళూరు బెళ్ళందూరు నుంచి)

నమస్తే అందరికీ. మాది పెద్ద అపార్ట్‌మెంట్, తెలుగువాళ్ళం బాగానే ఉన్నాం, ఉగాదికీ బతుకమ్మకీ కలుస్తుంటాం. ఈసారి నవంబర్ 25న మహిళలపై హింసకు వ్యతిరేకంగా ఏదైనా చేద్దామని ఆడవాళ్ళం అనుకుని కమిటీలో పెడితే ముగ్గుల పోటీ, కొవ్వొత్తుల ర్యాలీ, ఒక ముఖ్య అతిథి, చివర్లో స్నాక్స్ అన్నారు. నాకు మనసొప్పట్లేదు. మా బ్లాకులోనే పై ఫ్లోర్‌లో రాత్రిళ్ళు అరుపులు వినిపిస్తాయి, మర్నాడు ఆ అమ్మాయి లిఫ్టులో కనిపిస్తే మేమంతా ఫోన్లలోకి తల దూర్చేస్తాం. మా ఇంట్లో పనికొచ్చే ఆమెది మదనపల్లె వైపు, మోచేయి వాచి వచ్చి "బాత్రూంలో జారాను మేడమ్" అంటుంది, నేను సరే అంటాను. ర్యాలీ తీస్తే వీళ్ళిద్దరికీ ఒరిగేదేముంది? ఇలాంటివి దగ్గరుండి చేసినవాళ్ళు ఉంటే కాస్త చెప్పండి. ఇంకో టెన్షన్, మాలో సగం మందికి కన్నడ సరిగా రాదు, పోలీసులంటే భయం.

జవాబు (కె.ఆర్.పురం, మహిళా సంఘంలో పనిచేస్తాను)

ముందు ఒక మాట, ర్యాలీ వద్దని కమిటీతో గొడవ పెట్టుకోకండి, తీయనివ్వండి, ఫొటోలు దిగనివ్వండి. మీకు కావాల్సింది ఆ తర్వాతి రెండు వారాలు. నవంబర్ 25 నుంచి డిసెంబర్ 10, అంటే మానవ హక్కుల దినం దాకా పదహారు రోజుల ప్రచారం 1991 నుంచి ప్రపంచమంతా నడుస్తోంది. నవంబర్ 25 తారీఖు 1960లో డొమినికన్ రిపబ్లిక్‌లో నియంత పాలనను ఎదిరించి చంపబడిన మిరబాల్ అక్కచెల్లెళ్ళది, 1999లో ఐక్యరాజ్యసమితి దాన్ని అధికారికం చేసింది. ముఖ్య అతిథి ఉపన్యాసానికి ఇంత చాలు, మిగతా టైం మీరు తీసుకోండి.

ఇక పని. పెద్ద సభ పెడితే దెబ్బలు తినే ఆవిడ రాదు, వచ్చినా పక్కన మొగుడు కూర్చుంటాడు. ఫ్లోర్‌కి ఐదారుగురు ఒకరింట్లో టీ తాగుతూ మాట్లాడుకోండి. ఉగాండాలో కంపాలాలో సాసా అనే కార్యక్రమం ఇలాగే నడిచింది, బయటి నుంచి వచ్చినవాళ్ళు కాదు, ఆ బస్తీ మనుషులే ఇరుగుపొరుగుతో కబుర్లలాగా మాట్లాడారు, ఆ బస్తీల్లో భర్త చేతి దెబ్బలు మిగతా బస్తీలతో పోలిస్తే 52 శాతం తక్కువని 2014లో వచ్చిన పరిశోధన తేల్చింది. మనకైతే అంత దూరం ఎందుకు, దూబగుంట ఊరు ఉంది కదా, 1992లో నెల్లూరు జిల్లా ఆడవాళ్ళు అక్షరాస్యత క్లాసుల్లో కూర్చుని మాట్లాడుకున్న మాటలే సారా ఉద్యమమయ్యాయి, మరుసటి ఏడాది అక్టోబర్ 1న సారా నిషేధం వచ్చింది.

ఆ టీ దగ్గర ఒక్క విషయం తేల్చుకోండి: అరుపులు వినిపిస్తే ఎవరు ఏం చేస్తారు? 2008లో మన దేశంలో మొదలైన బెల్ బజావో ప్రచారం చెప్పింది ఇదే, వెళ్ళి బెల్ కొట్టండి, పాలు ఉన్నాయా, మా వైఫై రావట్లేదు మీకొస్తోందా, ఏదో ఒక సాకు. ఎందుకు కొడుతున్నావని నిలదీయొద్దు. కొట్టే చెయ్యి ఆ కాసేపు ఆగుతుంది, బయట ఎవరో వింటున్నారని అతనికి అర్థమవుతుంది. ఇద్దరు వెళ్ళండి, ఒంటరిగా వద్దు. కత్తి, మద్యం, చంపేస్తానన్న మాట వినిపిస్తే బెల్ కూడా వద్దు, నేరుగా పోలీసుల అత్యవసర నంబర్ 112.

బెళ్ళందూరు

చాలా థాంక్స్ అక్కా. కానీ మేము ఫిర్యాదు చేస్తే అతను తిరిగి మా మీదే కేసు పెడితే? మావారి భయం అదే.

జవాబు (కె.ఆర్.పురం)

గృహహింస చట్టం 2005లో నాలుగో సెక్షన్ చూడమనండి మీవారిని. హింస జరుగుతోందని నమ్మడానికి కారణం ఉన్న ఎవరైనా ప్రొటెక్షన్ ఆఫీసర్‌కి, అంటే ఈ చట్టం కింద బాధితులకు సాయం చేసే ప్రభుత్వ అధికారికి చెప్పొచ్చు, సదుద్దేశంతో చెప్పినవాళ్ళ మీద సివిల్ బాధ్యత గానీ క్రిమినల్ బాధ్యత గానీ ఉండదు. కర్ణాటకలో ఈ పని ఎక్కువగా సీడీపీఓలు, అంటే అంగన్‌వాడీలను చూసే శిశు అభివృద్ధి ప్రాజెక్ట్ అధికారులు చూస్తారు, కాబట్టి అంగన్‌వాడీ టీచర్‌ని అడిగితే ఆఫీసు ఎక్కడో చెప్తుంది. కాకపోతే ఆ అమ్మాయికి చెప్పకుండా, ఆమె ఒప్పుకోకుండా మీరు తొందరపడకండి, ప్రాణం మీదికొస్తే తప్ప. అధికారి వచ్చి వెళ్ళాక ఆ ఇంట్లో రాత్రి గడపాల్సింది ఆమె.

మాట (మారతహళ్లి)

కొంచెం ఎదురు చెప్తున్నా, ఏమనుకోవద్దు. ఇలాంటివి పెడితే మగాళ్ళందరినీ దొంగల్లా చూస్తారు. తప్పుడు కేసులు కూడా ఉన్నాయి. మొగుడూ పెళ్ళాల గొడవల్లో మనం దూరితే చివరికి వాళ్ళు కలిసిపోతారు, మనం చెడ్డవాళ్ళం అవుతాం.

జవాబు (జయనగర్, లాయర్‌ని)

అన్నా, కలిసిపోతే మంచిదే, మీరు చెడ్డైతే ఏమైంది, ఓ నెల మాట్లాడరు అంతేగా. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం కర్ణాటకలో పెళ్ళైన ఆడవాళ్ళలో 44 శాతం మంది భర్త చేతిలో హింస ఎదుర్కొన్నామన్నారు. దేశం మొత్తం మీద దెబ్బలు తిన్నవాళ్ళలో సాయం అడిగింది 14 శాతమే, 77 శాతం మంది ఎవ్వరికీ చెప్పనేలేదు. ముందు ఆ నోరు విప్పని వాళ్ళ సంగతి చూద్దాం. మగవాళ్ళను పిలవాలన్న మాట మాత్రం నేనూ ఒప్పుకుంటా, ఎవరింటి బెల్ కొట్టాలన్నా మీలాంటి వాళ్ళు పక్కన ఉంటేనే పని జరుగుతుంది.

బెళ్ళందూరు గారికి, మన తెలుగువాళ్ళు ఎక్కువగా అడిగే సందేహం ఒకటుంది. కొట్టించుకుని పుట్టింటికి కర్నూలో, చిత్తూరో వెళ్ళిపోయిన అమ్మాయి కేసు కోసం మళ్ళీ బెంగళూరు రావాలా? అక్కర్లేదు. గృహహింస పిటిషన్ ఆమె తాత్కాలికంగా ఉన్న ఊళ్ళోని మేజిస్ట్రేట్ కోర్టులోనూ వేయొచ్చు. భర్త, అత్తింటివాళ్ళు పెట్టే హింస మీద క్రిమినల్ కేసు, అంటే పాత 498ఎ, 2024 జులై నుంచి బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 85, అదైనా తలదాచుకున్న చోట పెట్టొచ్చని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇక్కడే ఉన్నా మా పరిధి కాదని పోలీసులు వెనక్కి పంపితే జీరో ఎఫ్‌ఐఆర్, అంటే పరిధితో పని లేకుండా ఏ స్టేషన్‌లోనైనా రాసుకునే ఎఫ్‌ఐఆర్ రాయమని అడగండి. లాయర్ ఫీజు గురించి దిగులొద్దు, ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, ఫోన్ నంబర్ 15100.

అద్దె ఇల్లు అతని పేరు మీద ఉందని బయటికి పొమ్మంటే పోనక్కర్లేదు, కలిసి ఉన్న ఇంట్లో ఉండే హక్కు ఆమెకుంది. ఇది చాలామందికి తెలియదు, మీ టీ మీటింగులో ఇదొక్కటి గట్టిగా చెప్పండి.

బెళ్ళందూరు

మరి పనామె సంగతి? ఆమె వాట్సాప్ చూడదు, మీటింగుకీ రాదు.

జవాబు (కె.ఆర్.పురం)

ఆమెను మీటింగుకి పిలవొద్దు, ఇంకో మూడిళ్ళలో పని మానుకుని రావాలి. అంట్లు తోమేటప్పుడు మీరిద్దరే ఉంటారు కదా, "జారావా, ఎవరైనా తోశారా" అని ఒక్కసారి నెమ్మదిగా అడిగి ఊరుకోండి. ఆ రోజు చెప్పదు. ఎప్పుడైనా చెప్తే, "వదిలేసి రావే" అని సలహా ఇవ్వకండి, వదిలి వచ్చే సమయంలోనే ప్రమాదం ఎక్కువ. ఆధార్, రేషన్ కార్డు, పిల్లల సర్టిఫికెట్ల జెరాక్సులు మీ ఇంట్లో ఒక కవర్లో పెట్టుకోమనండి. దెబ్బ తగిలిన రోజే గవర్నమెంట్ ఆసుపత్రికి తీసుకెళ్ళి ఎలా తగిలిందో ఉన్నదున్నట్టు డాక్టర్‌తో చెప్పించండి, రేపు కోర్టులో ఆ చీటీయే మాట్లాడుతుంది. ఆ రోజు జీతం మాత్రం కోయకండి.

భాష గురించి: ఇన్‌ఫాంట్రీ రోడ్డులో కమిషనర్ ఆఫీసులోనే వనితా సహాయవాణి ఉంది, 1091. మహిళా హెల్ప్‌లైన్ 181. కన్నడ రాకపోతే మీలో వచ్చిన ఒకరు తోడు వెళ్ళండి, ఆ ఒకరెవరో ఇప్పుడే అనుకుని పెట్టుకోండి. 1979 నుంచి ఈ ఊళ్ళో పనిచేస్తున్న విమోచన లాంటి మహిళా సంస్థలతో ముందే ఒకసారి మాట్లాడి ఉంచుకోవడం మంచిది.

పోస్టర్లు లిఫ్టులో పెడితే అందరూ చూస్తారు కానీ కావాల్సిన ఆవిడ నంబర్ రాసుకోలేదు. క్లబ్‌హౌస్ లేడీస్ టాయిలెట్ తలుపు లోపలివైపు, పనివాళ్ళు వాడే బాత్రూంలో, తెలుగు, కన్నడ, హిందీల్లో అంటించండి. చదవడం రానివాళ్ళకి 181 అంకెలు పెద్దవిగా. నంబర్ ఫోన్‌లో ఎక్కించుకుంటే గ్యాస్ అనో టైలర్ అనో పేరు పెట్టుకోమనండి. గ్రూపులో మాత్రం ఫలానా ఫ్లాట్ అని ఎప్పుడూ రాయొద్దు, స్క్రీన్‌షాట్ సాయంత్రానికల్లా అతని ఫోన్‌లో ఉంటుంది.

మాట (మారతహళ్లి)

సరే, మా బ్లాకులో మగవాళ్ళను నేను పోగేస్తా. సెక్యూరిటీ వాళ్ళకి ఏం చెప్పాలి?

జవాబు (కె.ఆర్.పురం)

రాత్రిపూట ఒక అమ్మాయి పిల్లాణ్ణి ఎత్తుకుని గేటు దగ్గరికొస్తే "సార్‌ని అడిగి పంపిస్తాం" అనకూడదు, అదే ముఖ్యం. కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, ఇందుకు మీలో ముందే ఒప్పుకున్న ఇద్దరిలో ఒకరికి ఫోన్ చేయాలి. ఫ్లాట్‌కి ఇంటర్‌కామ్ చేయకూడదు. నైట్ షిఫ్ట్ మారే టైంలో వెళ్ళి చెప్పండి, ఏజెన్సీ మనుషుల్ని మారుస్తూ ఉంటుంది కాబట్టి ప్రతి నెలా మళ్ళీ చెప్పాలి.