ప్రొకాల్సిటోనిన్ 41 నుంచి 58 అయింది, లాక్టేట్ మాత్రం తగ్గింది. దేన్ని నమ్మాలండీ?

రాజోలు కోడలు

అందరికీ నమస్కారమండి. నాది మెడికల్ ఫీల్డ్ కాదు. బీఎస్సీ చదివానని ఇంట్లో ఎవరి రిపోర్టు వచ్చినా నా చేతిలోనే పెడతారు. ఇప్పుడూ అంతే. ఐసీయూ బయట కుర్చీలో కూర్చుని, ఫోన్‌లో ఫొటోలు తీసుకున్న కాగితాలు చూసి రాస్తున్నాను.

మా మావయ్యగారికి 61 ఏళ్లు. పన్నెండేళ్లుగా షుగరు. రొయ్యల చెరువులో ఏరేటర్ తాడు తెగితే కట్టడానికి దిగారు, మడమ దగ్గర గుల్ల కోసేసింది. అరికాళ్లు ఎప్పుడూ తిమ్మిరే కాబట్టి ఆయనకి తెలియను కూడా తెలియలేదు. గట్టెక్కాక రక్తం చూసుకుని, పసుపు అద్దుకుని మళ్లీ పనిలోకి వెళ్లిపోయారు. మూడో రోజుకి చలిజ్వరం. ఊళ్లోనే ఇంజెక్షన్లు చేయించి రెండు రోజులు చూశాం. అక్కడే తప్పు చేశామని తెలుసు, దయచేసి ఎవరూ మళ్లీ చెప్పకండి. ఐదో రోజు తెల్లారేసరికి కాలు మోకాలి దాకా వాచింది. రాత్రంతా మూత్రం లేదు. నన్ను పట్టుకుని వాళ్ల చెల్లెలి పేరు పెట్టి పిలుస్తున్నారు. అంబులెన్స్ మాట్లాడుకుని కాకినాడ తీసుకొచ్చేశాం.

సెప్సిస్ అన్నారు, ఇన్‌ఫెక్షన్ ముదిరి ఒంట్లో అవయవాలు దెబ్బతినడమట. మొదటి రోజు ప్రొకాల్సిటోనిన్ (బాక్టీరియా ఇన్‌ఫెక్షన్‌తో రక్తంలో పెరిగేదట) 41, లాక్టేట్ (ఒంటికి రక్తం, ఆక్సిజన్ సరిగా అందకపోతే పెరిగేదట) 5.1, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) 2.6, ప్లేట్‌లెట్లు 78 వేలు, తెల్ల కణాలు 23 వేలు. బీపీ నిలబడటానికి పంపుతో మందు పెట్టారు. ఆ సాయంత్రమే ఆపరేషన్ చేసి పాదంలో కుళ్లిన కండంతా తీసేశారు. రెండో రోజు లాక్టేట్ 2.8కి దిగింది కానీ ప్రొకాల్సిటోనిన్ 58! సీఆర్పీ (ఒంట్లో వాపు, ఇన్‌ఫెక్షన్ ఉంటే పెరిగేది) అయితే బయలుదేరే ముందు మా దగ్గరి ల్యాబ్‌లో 28.6 ఇచ్చారు, ఇక్కడ 301. ఒక్క రాత్రిలో పదింతలా? ఆ మాట నేనే తొందరపడి అత్తయ్యగారితో అనేశాను. అప్పట్నుంచి ఆవిడ మంచినీళ్లు కూడా ముట్టడం లేదు.

డాక్టరుగారిని అడిగితే "రేపు చూద్దాం" అంటారు. మావి లంక ఊళ్లండి. గోదారి వస్తోందంటే ముందు భద్రాచలంలో ఎన్ని అడుగులో చూస్తాం. 43కి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. దాన్నిబట్టి పశువుల్ని ఎప్పుడు ఏటిగట్టు మీదకి తోలాలో తెలుస్తుంది. ఈ 58కి అలాంటి లెక్క ఏదైనా ఉందా? ఇంత దాటితే మనిషి దక్కడు, ఇంత లోపైతే దక్కుతాడు అని? డబ్బు కోసం చెరువులో రొయ్యలు ముందే పట్టేయాలా అని మా ఆయన ఇంటి దగ్గర్నుంచి అడుగుతున్నారు. ఏం చెప్పాలో తెలియడం లేదు.

ట్యూబు రంగులు

భీమవరంలో ల్యాబ్ టెక్నీషియన్‌నండి. ముందు మీ అత్తయ్యగారికి మంచినీళ్లు ఇవ్వండి. సీఆర్పీ పదింతలు పెరగలేదు. మీ దగ్గరి రిపోర్టులో అంకె పక్కన చూడండి, డెసిలీటరుకి మిల్లీగ్రాములు అని ఉంటుంది. కాకినాడ రిపోర్టులో లీటరుకి అని ఉంటుంది. లీటరుకి పది డెసిలీటర్లు. అంటే మీ 28.6 ఇక్కడి లెక్కలో 286. 286 నుంచి 301, అంతే తేడా. ఈ గొడవ మా కౌంటర్ దగ్గర వారానికోసారైనా జరుగుతుంది.

లాక్టేట్‌కీ ఇదే తంటా. కొన్నిచోట్ల మిల్లీమోల్స్‌లో ఇస్తారు, కొన్నిచోట్ల మిల్లీగ్రాముల్లో. రెండోదాన్ని తొమ్మిదితో భాగిస్తే మొదటిది వస్తుంది. ఇంకో సంగతి. చేతికి పట్టీ బిగించి అలాగే ఉంచేసినా, తీసిన రక్తం ఐస్ లేకుండా బల్ల మీద పడున్నా లాక్టేట్ దొంగగా పెరిగిపోతుంది. ట్యూబులో ఉన్న కణాలు చక్కెర తింటూనే ఉంటాయి కదా. ఐసీయూలో పక్కనే బ్లడ్ గ్యాస్ మిషన్ ఉండి వెంటనే చేసేస్తే ఆ భయం లేదు.

రాజోలు కోడలు

ఇప్పుడే చూశానండి. మీరు చెప్పినట్టే ఉంది, చిన్న అక్షరాల్లో. ఆవిడకి చెప్పాను, కాఫీ తాగారు. మీ మేలు మర్చిపోను.

నైట్ డ్యూటీ

జనరల్ మెడిసిన్‌లో పీజీ చేస్తున్నానండి. మీ పేషెంటును నేను చూడలేదు కాబట్టి అక్కడి డాక్టర్ల మాటే మాట. అంకెలు చదవడం వరకు చెబుతాను.

భద్రాచలం మాట మీరే ఎత్తారు. అక్కడ 48 అనగానే మీరు రెండో ప్రశ్న ఏం వేస్తారు? "పెరుగుతోందా, తగ్గుతోందా?" అనే కదా. పైగా శబరి వచ్చి కలిసేది భద్రాచలం దాటాక, కూనవరం దగ్గర. ఆ నీళ్లు భద్రాచలం అంకెలో ఉండవు. ఇక్కడా అంతే. మావయ్యగారి వయసు, షుగరు, ఆలస్యమైన రోజులు, ఇవేవీ ఆ 58లో లేవు.

ఒంట్లో బాక్టీరియా చెలరేగిన నాలుగైదు గంటలకి ప్రొకాల్సిటోనిన్ లేవడం మొదలుపెడుతుంది. దాదాపు ఒక రోజు దాకా ఎక్కుతూనే ఉండొచ్చు. కారణం అదుపులోకి వచ్చాక సుమారు రోజుకి సగం చొప్పున దిగుతుంది. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లలో ఇంకా నెమ్మది. ఆపరేషన్ కూడా దాన్ని కొంత పెంచుతుంది. కాబట్టి రెండో రోజు 58 అంటే నిన్నటి వరద ఇప్పుడు కనబడుతోందని కూడా కావచ్చు. లాక్టేట్ అలా కాదు, గంటల్లో మారుతుంది. 5.1 నుంచి 2.8కి రావడం నాకు నచ్చింది. మావయ్యగారు షుగరుకి మెట్‌ఫార్మిన్ మాత్ర వాడేవారా? కిడ్నీ పనిచేయనప్పుడు దానివల్ల కూడా లాక్టేట్ పెరుగుతుంది. చెప్పకపోయుంటే డ్యూటీ డాక్టరుకి ఇప్పుడే చెప్పండి.

చావుబతుకుల లెక్క అడిగారు, దాచను. బీపీకి మందు పెట్టాల్సి వచ్చి, సెలైన్లు సరిపడా ఎక్కించాక కూడా లాక్టేట్ 2 దాటి ఉంటే సెప్టిక్ షాక్ అంటారు. 2016లో ఈ నిర్వచనం ఇచ్చినప్పుడు అలాంటివాళ్లలో ఆసుపత్రి మరణాలు 40 శాతం పైనే అని చూపించారు. అది గుంపు లెక్క. మీ మనిషి ఆ 40లోనా, మిగతావాళ్లలోనా అన్నది ఒక్క రక్తపరీక్ష చెప్పదు. చెప్పే పరీక్ష కోసం వెతకనివాళ్లు లేరు. సెప్సిస్‌లో ఎన్ని బయోమార్కర్లు (రక్తంలో జబ్బు జాడ చెప్పే పదార్థాలు) పరీక్షించారో 2010లో ఒక బృందం లెక్కేస్తే 178 తేలాయి. 2020లో మళ్లీ లెక్కేస్తే 258. ఒక్కటి సరిపోతే అన్ని ఎందుకుంటాయండీ?

ప్రొకాల్సిటోనిన్‌లో పనికొచ్చేది నాలుగో రోజు. అమెరికాలో 13 ఆసుపత్రుల్లో చేసి 2017లో అచ్చేసిన అధ్యయనంలో, నాలుగో రోజుకి 80 శాతం కంటే ఎక్కువ తగ్గినవాళ్లలో 28 రోజుల్లో చనిపోయింది 10 శాతం. అంత తగ్గనివాళ్లలో 20. రెట్టింపే, కానీ ఆ రెండో గుంపులో కూడా నూటికి ఎనభై మంది బతికారు. మీ రిపోర్టు 58 దగ్గర ఆగితే పన్నెండు లోపుకి ఎప్పుడొస్తుందో చూడండి. కిడ్నీ వల్ల ఒకటి రెండు రోజులు అటూ ఇటూ అయితే కంగారు పడకండి.

ఈ పరీక్షతో అసలు లాభం యాంటీబయాటిక్ ఎప్పుడు ఆపాలో తెలుసుకోవడం. మొదలుపెట్టడానికి దాని కోసం ఆగకూడదు. ఏ సూక్ష్మజీవో కూడా అది చెప్పదు, దానికి కల్చరే (రక్తం, చీము లాంటివి తీసి సూక్ష్మజీవిని పెంచి చూసే పరీక్ష) దిక్కు. మన చేలల్లో, చెరువుల్లో మట్టినీళ్లలో తిరిగే షుగరు పేషెంట్లకి మెలియాయిడోసిస్ అని ఒక బాక్టీరియా జబ్బు వస్తుంది. కల్చర్‌లో దాన్ని సూడోమొనాస్ అనే వేరే బాక్టీరియాగా పొరబడటమూ ఉంది. చెరువు గాయం అని కేస్ షీట్లో రాశారో లేదో అడగండి. ఉప్పునీటి చెరువా, మంచినీటిదా అన్నది కూడా చెప్పండి.

నేనైతే రౌండ్స్‌లో ముందు చూసేవి ఇవి: గంటకి మూత్రం ఎంత, బీపీ మందు పంపు నిన్నటికంటే తగ్గించారా, మనిషి పేరు పెట్టి పిలిస్తే పలుకుతున్నారా. వీటికి బిల్లు లేదు.

గట్టు మీద కొబ్బరి

పాలకొల్లు. మా అమ్మకి మూత్రం ఇన్‌ఫెక్షన్‌తో సెప్సిస్, 79 ఏళ్లు. ప్రొకాల్సిటోనిన్ 4 మాత్రమే. 4 అని విని నేను హాయిగా ఇంటికొచ్చి పడుకున్నాను. మూడో రోజు పోయింది. మిమ్మల్ని భయపెట్టడానికి కాదండి, మీ 58కి, మా 4కి పోలిక పెట్టుకోవద్దని.

నైట్ డ్యూటీ

అవునండి. పెద్ద వయసులో ఇలా జరుగుతుంది. మీ అమ్మగారి విషయంలో 4 కూడా తక్కువేం కాదు, మామూలుగా 0.5 దాటితేనే మేం అనుమానిస్తాం. ఆ మాట మీకు అప్పుడే ఎవరైనా చెప్పాల్సింది.

రాజోలు కోడలు

ఐదో రోజు. రాయడం కుదరలేదు, క్షమించండి. మెట్‌ఫార్మిన్ సంగతి నిజంగానే ఎవరికీ చెప్పలేదు, అదే రాత్రి చెప్పాను. చెరువు మాట కేస్ షీట్లో లేదు, రాయించాను. మాది ఉప్పునీటిదే. డాక్టరుగారు ఒక యాంటీబయాటిక్ మార్చారు. కల్చర్‌లో ఏమీ పెరగలేదు. ముందే ఇంజెక్షన్లు పడటం వల్ల కావచ్చన్నారు.

మూడో రోజు ప్రొకాల్సిటోనిన్ చేయలేదు. నాలుగో రోజు 19, ఈ రోజు 9.6. క్రియాటినిన్ 2.1 దగ్గరే ఉంది. బీపీ పంపు నిన్న మధ్యాహ్నం తీసేశారు. మూత్రం సంచీ దగ్గర గంట గంటకీ రాసే చీటీ చదవడం సిస్టరు నేర్పించింది, రాత్రి పన్నెండుకి 60 మి.లీ. ఉంది. కాలు మళ్లీ కొయ్యాలా వద్దా అన్నది సోమవారం చెబుతారట. చెరువు పట్టుబడి ఆపమని మా ఆయనకి చెప్పాను, ఇంకో నాలుగు వారాలు పెరిగితే కౌంట్ (కిలోకి తూగే రొయ్యల సంఖ్య) తగ్గి రేటు వస్తుంది.

పొద్దున్న లోపలికి పంపారు. మావయ్యగారు కళ్లు తెరిచే ఉన్నారు. సిస్టరు నాతో "కౌంట్ 23 నుంచి 14కి తగ్గిందమ్మా" అంది, తెల్ల కణాల గురించి. ఆయన గొంతు పెగుల్చుకుని, "14 కౌంటా? ఎవరి చెరువులో?" అని అడిగారు.