బొలీవర్: ఆ 'లి' మరదా, కోనదా?

పాతపుట:
ఇంటిపేర్ల పాఠంలో మా తెలుగు మాస్టారు ఒక మాట అనేవారు. "రోములుడి పేరున రోము వెలిసినట్టు బొలీవర్ పేరున బొలీవియా వెలిసింది. ఆ బొలీవర్ పేరు మాత్రం ఒక పిండి మర పేరున వెలిసింది." బొలీవర్ అంటే దక్షిణ అమెరికాలో స్పెయిన్ పాలన మీద పోరాడిన సిమోన్ బొలీవర్. మొదటి వాక్యం 1825లో అక్కడి సభలో ఒక ప్రతినిధి అన్నదే. రెండోదే వారం రోజులుగా బుర్ర తినేస్తోంది. 'మర ఉన్న కోన' అన్నారా, 'మర పక్క పల్లం' అన్నారా? స్పెయిన్ ఉత్తరాన ఉండే బాస్క్ జనం భాషలోని ఆ మాటను బోర్డు మీద విడదీసి కూడా రాశారు. విరుపు ఎక్కడ పెట్టారో గుర్తు రావడం లేదు. ఎవరికైనా తెలుసా?

కొండవాగు:
ఇందులో అనుమానమేముంది? బొలు అంటే మర, ఇబర్ అంటే లోయ. బొలు + ఇబర్ = బొలిబర్. ఉకారం పోయింది, ఇకారం నిలిచింది. అచ్చం మన ఉత్వసంధి. 'రాముడితడు' విడదీయగల పిల్లాడు దీన్నీ విడదీస్తాడు.

తంగేడు:
కొండవాగు మాస్టారూ, అంత తేలిగ్గా తేల్చకండి. బొలు లాటిన్ 'మొలీనుమ్' నుంచి వచ్చింది. ముందున్న మ కాస్తా బ అయింది, అచ్చుల మధ్య న జారిపోయింది. గొలుసుకు లాటిన్‌లో కతేనా అంటే బాస్క్‌లో కతెయా అయినట్టే. కానీ సమాసాల్లో ఆ పాత నకారం మళ్ళీ కనిపిస్తుంది. బొలినాగ అనే ఇంటిపేరు చూడండి, మర ఉన్న చోటు అని అర్థం. అంటే లోపల దాక్కున్న రూపం 'బొలిన్'. అందులో ఇకారం ముందే ఉంది కదా! నకారం పోయాక మిగిలేది బొలి + ఇబర్. రెండు ఇకారాలు కలిసి ఒకటయ్యాయి. కాబట్టి ఆ 'లి' కోనది కాదు, మరది. నా మటుకు ఇది ఇత్వసంధే.

కొండవాగు:
ఏమ్యాదులకు ఇత్వసంధి వైకల్పికం తల్లీ. వైకల్పికాన్ని పట్టుకుని ఊరిపేరు నిలబెడతావా? పైగా బొలు అన్న మాట ఇప్పటికీ బతికే ఉంది. బతికున్న మాటను పక్కనపెట్టి చచ్చిపోయిన నకారాన్ని లేపడం దేనికి?

ఏటిగట్టు:
సంధి తర్వాత చూద్దాం. ముందు ఇబర్‌ను లోయ అనడమే నాకు నచ్చలేదు. లోయకు బాస్క్‌లో 'హరన్' అని వేరే మాట ఉంది. ఇబర్ అంటే ఏటి పక్కన పరుచుకున్న పల్లపు నేల. బాస్క్ సీమలోని గిపుస్కోవాలో ఇబర్రా అనే ఊరు ఉన్నది అందుకే. మర తిరగాలంటే పారే నీళ్ళు కావాలి, గింజలు దింపడానికి చదునైన చోటు కావాలి. కొండల నడుమ లోయ అన్నామంటే ఈ రెండూ కనిపించవు. 'మరపల్లం' అనండి, నీళ్ళ చప్పుడుతో సహా ఊరు కళ్ళ ముందుకు వస్తుంది.

పాతపుట:
'మరపల్లం' చాలా బాగుంది. మా మాస్టారు బొలివార్ అని చివర సాగదీసి పలికేవారు. అసలు దీర్ఘం 'లి' మీదా, 'వ' మీదా?

తంగేడు:
'లీ' మీదే. స్పానిష్‌లో చివర ర్ ఉన్న మాటకు మామూలుగా ఊనిక చివరి అచ్చు మీద పడుతుంది. అలా పడకూడదనే ఆ ఇకారం మీద గీత పెట్టి రాస్తారు. ఊనికను మనం దీర్ఘంగా రాసుకుంటున్నాం, బొలీవర్ అన్నది అందుకే సరి. బ, వ తేడా గురించి దిగులు వద్దు, స్పానిష్‌లో రెండిటికీ ఒకటే పలుకు. ఆ ఇంటిపేరు పుట్టిన ఊరు బాస్క్ సీమలోని బిస్కాయ్‌లో ఉంది, ఆ ఊరివాళ్ళు బొలిబర్ అని బ తోనే రాస్తారు.

నల్లరేగడి:
మీరంతా ఒక్క అక్షరం దగ్గర ఆగిపోయారు. నాకు అంతకంటే పెద్ద సందేహం ఉంది. ఇంటిపేరును బట్టి మనిషిని బాస్క్ అనేయవచ్చా? బిస్కాయ్ వదిలిన ఆ వంశపు పెద్ద, ఆయన పేరూ సిమోన్ దె బొలీవరే, 1589లో ఇప్పటి వెనెజువేలాలోని కారకాస్ చేరాడు. మనకు తెలిసిన సిమోన్ పుట్టింది 1783లో. మధ్యలో దాదాపు రెండు వందల ఏళ్ళు. తల్లి వైపు పలాసియోస్ వాళ్ళది మిరాందా దె ఎబ్రో, అది బాస్క్ సీమ కాదు, బుర్గోస్ వైపు. ఇంటిపేరు తండ్రి దారిన ఒక్క గీతలో వస్తుంది, నెత్తురు నూరు దారుల్లో వస్తుంది. 1815లో జమైకా నుంచి రాసిన ఉత్తరంలో తామేమిటో ఆయనే చెప్పుకున్నాడు: మేము అమెరికా మూలవాసులైన ఇండియన్లమూ కాదు, యూరోపియన్లమూ కాదు, ఈ రెంటికీ నడుమ వాళ్ళం అని. సర్వేపల్లి ఇంటిపేరైనా రాధాకృష్ణన్ గారు పుట్టింది తిరుత్తణిలో. ఇంటిపేరు పాత ఊరి గుర్తు, అంతవరకే.

ఇంకో సంగతి. 1728లో పెట్టిన గిపుస్కోవా కంపెనీ కారకాస్ కోకో వ్యాపారాన్నంతా గుప్పిట్లో పెట్టుకుంది. 1749లో హువాన్ ఫ్రాన్సిస్కో దె లెయోన్ దాని మీదే తిరగబడ్డాడు. ఆ రోజుల్లో కారకాస్ రైతుకు బాస్క్ అనగానే గుర్తొచ్చేది నీటి మర కాదు, కోకో ధర తొక్కిపెట్టే కంపెనీ. అది మర్చిపోయి తాతల ఊరి గొప్ప చెప్పుకుంటే నాకు మనసొప్పదు.

తంగేడు:
ఒప్పుకుంటాను. కానీ ఆ బంధం పూర్తిగా తెగిందని మాత్రం అనకండి. 1801లో ఆయన బిల్బావోలో ఉన్నాడు, తర్వాతి ఏడాది మాద్రిద్‌లో పెళ్ళాడాడు. భార్య మరియా తెరేసా తల్లి వైపు ఇంటిపేరు అలైసా. అదీ బాస్క్ నేల మీది ఊరిపేరే. కారకాస్ వచ్చి ఏడాది తిరక్కుండానే, 1803 జనవరిలో, ఆ పిల్ల పచ్చజ్వరంతో పోయింది. అది తలుచుకుంటే నాకు సంధి సంగతే మర్చిపోవాలనిపిస్తుంది.

కొండవాగు:
ఇంటిపేరు ఊరి గుర్తే అన్న మాట దగ్గర పోతన గుర్తొచ్చాడు. బమ్మెర పోతన అని అందరం అంటాం, బమ్మెర జనగామ వైపు ఉంది. అయినా ఏకశిలానగరం అంటే ఒంటిమిట్ట అని కడపవాళ్ళు, ఓరుగల్లు అని వరంగల్లువాళ్ళు ఎన్నేళ్ళుగా వాదించుకుంటున్నారు! నా ఓటు ఓరుగల్లుకే. ఇంటిపేరు కంటే గట్టి సాక్ష్యం ఏముంటుంది?

ఏటిగట్టు:
ఒంటిమిట్టలో ఒంటి ఉంది, మిట్ట ఉంది. ఒంటి మిట్టే ఏకశిల. మాస్టారూ, ఇక్కడ మాత్రం నేను కదలను.

నల్లరేగడి:
పోతన మాట వచ్చింది కనుక ఒకటి చెప్తాను. ఆయన నాగలి పట్టి పొలం దున్నుకున్నాడని కదా మనం చెప్పుకునేది. బొలీవర్ 1830 నవంబరులో, చనిపోవడానికి నెల పైచిలుకు ముందు, ఈక్వడార్ నాయకుడు ఫ్లోరెస్‌కు రాసిన ఉత్తరంలో అంటాడు: విప్లవానికి కొలువు చేసినవాడు సముద్రాన్ని దున్నినట్టే అని. ఒకరు దున్నిన చాలు ఇప్పటికీ పండుతోంది. రెండో ఆయన తన చాలు నీళ్ళలో కలిసిపోయిందనుకుని కన్నుమూశాడు. ఆ వాక్యం చదివిన ప్రతిసారీ నాకు గొంతు పట్టేస్తుంది.

కొండవాగు:
అయ్యా, ఆయన చాలు కూడా చెరగలేదు. ఒక దేశం పేరే సాక్షి. కాకపోతే బొలీవియా అనేసరికి 'ఇబర్'లో చివరి ముక్క ఊడిపోయింది చూశారా? ఊళ్ళోని పల్లం అంత ఎత్తు కొండలెక్కలేక కిందే ఆగిపోయింది.

తంగేడు:
నా లెక్కయితే ఆ దేశానికి మిగిలిన 'లి' మరది మాస్టారూ. పల్లం ఆగిపోయినా మర ఎక్కింది!

పాతపుట:
ఇదంతా చదువుతుంటే ఇందాకే ఒకటి గుర్తొచ్చింది. మాస్టారు 'బొలి' వరకు తెల్ల సుద్దతో రాశారు. అక్కడ సుద్ద పుటుక్కున విరిగింది. టేబుల్ మీదున్న పసుపు సుద్ద తీసుకుని 'బర్' రాశారు. నా నోట్సులో నేను 'బొలి' నీలి సిరాతో, 'బర్' ఎర్ర సిరాతో ఎక్కించుకున్నాను. నాకు గుర్తున్నది ఆయన పెట్టిన విరుపో, సుద్ద విరిగిన చోటో చెప్పలేకపోతున్నాను. ఆ నోట్సు ఊళ్ళో అటక మీద ఉండాలి. సంక్రాంతికి వెళ్ళినప్పుడు వెతుకుతాను.