ఆస్పత్రిలో తప్పు జరిగితే ఇద్దరిని సస్పెండ్ చేస్తే సరిపోతుందా?

సుజాత_స్టాఫ్‌నర్స్:
2022 ఆగస్టు 25న హైదరాబాద్ దగ్గరి ఇబ్రహీంపట్నం ప్రభుత్వాసుపత్రిలో ఒకే రోజు 34 మందికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. ఇన్ఫెక్షన్ సోకి నలుగురు చనిపోయారు. సూపరింటెండెంట్‌ని సస్పెండ్ చేశారు, ఆపరేషన్లు చేసిన డాక్టర్ లైసెన్స్ తాత్కాలికంగా రద్దు చేశారు. చర్యలు తీసుకున్నట్టే లెక్క. కానీ థియేటర్‌లో పనిచేసేవాళ్లకి తెలుసు. ల్యాపరోస్కోప్‌ని, అంటే పొట్టలోకి పెట్టి చూసే గొట్టాన్ని, ఒకరికి వాడాక సైడెక్స్ అనే క్రిములు చంపే ద్రావణంలో 20 నిమిషాలు ముంచి, స్టెరైల్ నీళ్లతో కడిగాకే ఇంకొకరికి వాడాలి. స్కోప్ ఒక్కటే ఉన్నచోట 34 మందికి ఆ నానబెట్టడానికే 11 గంటలు కావాలి. బయట చంటిపిల్లలతో ఆడవాళ్ల క్యూ, లోపల టార్గెట్ టెన్షన్. పది నిమిషాలకే స్కోప్ బయటికి తీస్తుంటే "సార్, ఇంకా టైమ్ కాలేదు" అనే ధైర్యం ఏ నర్సుకి ఉంటుంది? అన్నందుకు మెమో రాదని ఎవరు హామీ ఇస్తారు? అది మారనంతవరకు ఎంతమందిని సస్పెండ్ చేసినా ఒకటే అని నా అభిప్రాయం. మీరేమంటారు?

లెక్కల_మాస్టారు:
కేంద్రం నిబంధన ప్రకారం ఒక టీమ్ రోజుకి 30 ఆపరేషన్లకు మించకూడదు. 34 చేశారు. రూల్ తప్పారు, శిక్ష పడింది. ఇందులో చర్చ ఏముంది?

సుజాత_స్టాఫ్‌నర్స్:
మాస్టారూ, ఆ 30 కూడా మూడు స్కోపులు ఉంటేనే. ఒక్కో స్కోప్‌తో పది. స్కోపులు లేకుండా 25 చేసినా ప్రమాదమే.

లెక్కల_మాస్టారు:
అయినా 34 అనేది 30 కంటే ఎక్కువే కదా. దానికి జవాబు చెప్పండి.

కరీంనగర్_శ్రీను:
సిస్టర్, మీరు ఎవర్నీ శిక్షించొద్దు అంటున్నట్టుంది. మా అమ్మ ఒక ప్రైవేటు ఆస్పత్రిలో రాత్రి ఇంజెక్షన్ ఇచ్చిన కాసేపటికే పోయింది. ఏం మందు ఇచ్చారని అడిగితే "హార్ట్ ఎటాక్" అన్నారు. కేస్ షీట్ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ రూల్ ఉంది. నాకు వారాల తరబడి తిరిగాక గానీ ఇవ్వలేదు. తీరా చూస్తే మూడు షిఫ్టుల నర్సింగ్ నోట్స్ ఒకే చేతిరాత, ఒకే పెన్ను. రాత్రి డ్యూటీ సిస్టర్, పొద్దుటి సిస్టర్ ఒకేలా రాస్తారా అమ్మా? ఇలాంటివాళ్లని జైల్లో పెట్టకపోతే ఎవరికి భయం ఉంటుంది?

పీజీ_రెసిడెంట్:
అన్నా, మీ బాధ నిజమే. కానీ జైలు భయం ఏం చేస్తుందో 2022 మార్చిలో రాజస్థాన్‌లోని దౌసాలో చూశాం. కాన్పు తర్వాత రక్తస్రావంతో తల్లి చనిపోతే డాక్టర్ మీద ఏకంగా హత్య కేసు పెట్టారు. ఆవిడ ఆత్మహత్య చేసుకున్నారు. తీవ్రమైన నిర్లక్ష్యం ఉంటే తప్ప డాక్టర్ మీద క్రిమినల్ కేసు నడవకూడదని 2005లోనే జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. స్టేషన్లలో ఎవరు పట్టించుకుంటున్నారు?

ఓరుగల్లు_వాసి:
కొత్త శిక్షాస్మృతిలో నిర్లక్ష్యంతో ప్రాణం పోతే డాక్టర్లకి శిక్ష రెండేళ్లే, మామూలు మనిషికి ఐదేళ్లు. ఇదేం న్యాయం?

పీజీ_రెసిడెంట్:
పాత ఐపీసీ 304ఏ సెక్షన్‌లో అందరికీ రెండేళ్లే ఉండేది. మాకు తగ్గించలేదు, మిగతావాళ్లకి పెంచారు.

సుజాత_స్టాఫ్‌నర్స్:
శ్రీను గారూ, దొంగ నోట్స్ రాసినవాళ్లని శిక్షించాల్సిందే. అది పొరపాటు కాదు, మోసం. నేనంటున్నది వేరే. మా వార్డులో పొటాషియం క్లోరైడ్ ఆంప్యూల్స్, డిస్టిల్డ్ వాటర్ ఆంప్యూల్స్ ఒకే ట్రేలో ఉండేవి. సైజు ఒకటే, చూడ్డానికీ ఒకేలా ఉంటాయి. పొటాషియం నేరుగా నరంలోకి ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. ఒక కొత్త నర్సు మందు కలపబోతూ చివరి క్షణంలో లేబుల్ చూసి ఆగింది. జరగబోయిన పొరపాటు గురించి నిజాయితీగా ఇన్సిడెంట్ ఫారం రాసింది. ఆ అమ్మాయికి మెచ్చుకోలు రాలేదు, మెమో వచ్చింది. తర్వాత ఆ వార్డులో ఎవ్వరూ ఫారం రాయలేదు. ట్రే మాత్రం చాలాకాలం అలాగే ఉంది.

పీజీ_రెసిడెంట్:
అందుకే ఇన్సిడెంట్ రిపోర్టులు పూర్తిగా రహస్యంగా ఉండాలి. ఆస్పత్రి గేటు దాటకూడదు.

కరీంనగర్_శ్రీను:
ఇదీ అసలు సంగతి! చచ్చేది మా మనిషి, కాగితం మీది. నేర్చుకునేది మీరు, తెలుసుకునే హక్కు మాకు లేదు. ఇంతసేపూ నర్సుల ధైర్యం, డాక్టర్ల భయం అని తియ్యగా మాట్లాడి చివరికి తలుపులు మూసేస్తున్నారు. ఇద్దరూ ఒకటే!

లెక్కల_మాస్టారు:
34 గురించి ఇంకా ఎవరూ చెప్పలేదు.

సుజాత_స్టాఫ్‌నర్స్:
ఒకటి కాదు శ్రీను గారూ. ఇక్కడ డాక్టర్ గారితో నేను ఏకీభవించను. ఫారం ఎవరు రాశారో బయటపెట్టకూడదు. కానీ పేషెంట్‌కి ఏం జరిగిందో అది ఆ కుటుంబానిది. ఏ మందు, ఎంత డోసు, ఎన్ని గంటలకు, ఎక్కడ తేడా వచ్చింది, అన్నీ కూర్చోబెట్టి చెప్పాలి.

పీజీ_రెసిడెంట్:
సిస్టర్, చెప్పిన మర్నాడే ఆ మాట ఎఫ్ఐఆర్‌లో ఉంటుంది. అద్దాలు పగిలేది క్యాజువాలిటీలో, దెబ్బలు తినేది నైట్ డ్యూటీలో ఉన్న మాలాంటి జూనియర్లు. దాడులు చేస్తే శిక్షించే చట్టం మనకి 2008 నుంచీ ఉంది. రాత్రి రెండు గంటలకి ఆ చట్టం వచ్చి నా ముందు నిలబడదు. ముందు మాకు రక్షణ చూపించండి, తర్వాత నిజం అడగండి.

కరీంనగర్_శ్రీను:
నేను ఎవర్నీ కొట్టలేదు తమ్ముడూ. కన్జ్యూమర్ కమిషన్‌లో కేసు వేశాను, అదీ డబ్బు కోసం కాదు. ఎవరూ చెప్పలేదు కాబట్టి వేశాను. ఆ రాత్రే ఒక్కరు కూర్చుని "ఈ మందు బదులు ఈ మందు పడింది" అని ఉంటే నేను లాయర్ గడప తొక్కేవాణ్ణే కాదేమో. సిస్టర్, ఒక్కటి అడుగుతా. మీ ఆస్పత్రిలో అలా చెప్తారా?

సుజాత_స్టాఫ్‌నర్స్:
చెప్పరు. మరణం జరిగితే మేనేజ్‌మెంట్ అనుమతి లేకుండా బంధువులతో ఎవరూ మాట్లాడొద్దని సర్క్యులర్ ఉంది. అది తీసెయ్యమని క్వాలిటీ కమిటీలో అడిగాను, లీగల్ వాళ్లు ఒప్పుకోలేదు. వచ్చే మీటింగ్‌లో మళ్లీ పెడతాను. పీజీ డాక్టర్ గారూ, మీ జూనియర్లకి రాత్రిపూట సెక్యూరిటీ అనే డిమాండ్ కూడా దాంట్లోనే రాస్తాను. సంతకం పెడతారా?

పీజీ_రెసిడెంట్:
ముందు డ్రాఫ్ట్ పంపండి. చదివి చెప్తాను.