జేడ్‌కు ఆ విలువ ఎక్కడిది: గుణంలోనా, చాకిరీలోనా?

గోదారిగట్టు (చర్చ మొదలుపెట్టినది):
ప్రాచీన చైనా గ్రంథం లీజీలో చిన్న సంభాషణ ఉంది. శిష్యుడు జిగోంగ్ వచ్చి కన్ఫ్యూషియస్‌ని అడుగుతాడు: "పెద్దమనుషులు జేడ్‌ని (నగలకూ పూజావస్తువులకూ వాడే గట్టి రాయి) అంత గొప్పగా చూస్తారు, దాన్నే పోలిన మిన్ రాయిని పట్టించుకోరు. జేడ్ అరుదుగా, మిన్ విరివిగా దొరుకుతుందనా?" గురువు కాదంటాడు. జేడ్ నునుపూ వెచ్చదనమూ దయలాంటివట. అంచులుంటాయి కానీ కోయవు, అది ధర్మమట. తడితే నాదం స్పష్టంగా, చాలాసేపు మోగి చివర్లో ఠక్కున ఆగుతుంది, అది సంగీతమట. మచ్చ అందాన్ని దాచదు, అందం మచ్చను దాచదు, అది నిజాయితీ అట.

చదువుతుంటే మనసుకు హత్తుకుంటుంది. కానీ జిగోంగ్ సరైన చోటే పట్టుకున్నాడని నా నమ్మకం. కన్ఫ్యూషియస్ పుట్టడానికి 2,000 ఏళ్లకు పైగా ముందే, ఇప్పటి హాంగ్‌జౌ దగ్గర లియాంగ్‌జు జనం జేడ్ వస్తువులు చేశారు. ఫన్‌షాన్ 12వ సమాధిలో దొరికిన త్సోంగ్ (బయట నాలుగు పలకలు, మధ్యలో గుండ్రటి బెజ్జం ఉండే వస్తువు) ఎత్తు 8.9 సెం.మీ., బరువు 6.5 కిలోలు. అలాంటివి పెద్దల సమాధుల్లోనే కనిపిస్తాయి, సామాన్యులకు కుండలూ మట్టిపాత్రలే. ఇంతమంది చేత ఇన్నాళ్లు పనిచేయించుకోగలను అని చాటుకోవడమే అది. గుణాల మాట తర్వాతి కాలం వాళ్లు అతికించిందే. మీరేమంటారు?

పాతరాతలు:
గోదారిగట్టు గారూ, ఒప్పుకోను. మీరు చెప్పిన త్సోంగ్ మీదే ఈకల కిరీటం పెట్టుకున్న ఒక మూర్తి, దాని కింద పెద్ద కళ్ల మృగం ఉన్నాయి. వెంట్రుకవాసి గీతలు. నాలుగడుగుల దూరం నుంచి కనపడవు. గొప్ప చాటుకోవడానికైతే జనానికి కనపడేలా చెయ్యాలి కదా? అది మనుషుల కోసం చేసింది కాదు, దేవుడి కోసం చేసింది.

ఇంకోటి, ప్రాచీన చైనాలోని చూ రాజ్యపు బియన్ హ కథ. కొండల్లో దొరికిన ముడిరాయి తెచ్చి లీ రాజుకిస్తే, వట్టి రాయన్నారు, ఎడమ పాదం నరికించాడు. తర్వాతి ఊ రాజు కుడి పాదం నరికించాడు. తర్వాత వెన్ రాజు కాలంలో రాయిని గుండెకి హత్తుకుని మూడు పగళ్లూ మూడు రాత్రులూ ఏడ్చాడు. పాదాలు పోయినందుక్కాదట, మేలిమి జేడ్‌ని వట్టి రాయన్నందుకు, నిజం చెప్పినవాణ్ని మోసగాడన్నందుకు. అప్పటికి ఆ రాయి మీద ఎవరి చెమటా పడలేదు. విలువ రాయిలోనే ఉంది. అదే తర్వాత 15 నగరాలిస్తామని చిన్ రాజ్యపు రాజు అడిగిన బీ (మధ్యలో బెజ్జం ఉన్న బిళ్ల).

సానరాయి:
నేను రాళ్లు సానపట్టే మనిషిని, పని సంగతి చెప్తా. ముందు ఒక మాట: ఇది మన పచ్చ కాదు. ప్రాచీన చైనాది నెఫ్రైట్ అనే జేడ్ రకం, బర్మా నుంచి వచ్చే ఇంకో రకం జేడైట్ అక్కడికి బాగా వచ్చింది 18వ శతాబ్దంలో. నెఫ్రైట్‌లో సన్నటి నారలు ఒకదాన్నొకటి అల్లుకుని ఉంటాయి, సుత్తితో కొట్టినా తేలిగ్గా పగలదు. ఉలికి లొంగదు. కాబట్టి "జేడ్ చెక్కారు" అనడం పొరపాటు. అరగదీశారు.

రాళ్ల కాఠిన్యాన్ని 1 నుంచి 10 దాకా కొలిచే మోస్ స్కేలులో దానిది 6 నుంచి 6.5, ఇసుకలోని క్వార్ట్జ్‌ది 7. ఆ చిన్న తేడాయే ఆధారం. తడి ఇసుక వేసి, తాడుతో అటూ ఇటూ లాగుతూ కోస్తారు. గొట్టంలాంటి పనిముట్టు తిప్పి బెజ్జం వేస్తారు, రెండు వైపుల నుంచీ. చాలా త్సోంగ్‌లలో బెజ్జం నడుమ సన్నటి గట్టు వేలికి తగులుతుంది, రెండు వైపుల పనీ సరిగ్గా కలవని చోటది. దాన్ని ఫొటోలో చూసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. ఆ రోజు వాళ్ల చేతులు ఆగింది అక్కడే.

మీరంటున్న జిగోంగే ఇంకోచోట గురువు ముందు పాత పద్యం గుర్తుచేస్తాడు: "కోసినట్టు, అరగదీసినట్టు, తొలిచినట్టు, మెరుగుపెట్టినట్టు." మనిషి తనను తాను దిద్దుకోవడానికి వాళ్లు తెచ్చుకున్న పోలిక నా వృత్తి నుంచే.

కృష్ణాతీరం:
సానరాయి అన్నా, పని గొప్పదే. కానీ విలువ పనిదే అయితే దొంగలు ఏం చేశారో చూడు. 1968లో హెబేలోని మాన్‌చెంగ్‌లో లియు షెంగ్ సమాధి బయటపడింది. క్రీ.పూ. 113లో చనిపోయిన హాన్ రాజవంశీకుడు. ఒంటినిండా జేడ్ కవచం: 2,498 పలకలు, బంగారు తీగతో కుట్టినవి. ఒళ్లు కుళ్లకూడదని నమ్మకం. లోపల మనిషి మాత్రం మట్టయిపోయాడు.

అలాంటి కవచాలున్న సమాధుల్ని తర్వాత దోచారు. జేడ్ కోసం కాదు! వాటిని తగలబెట్టి బంగారు తీగ తీసుకుపోయారు. క్రీ.శ. 222లో త్సావ్ పీ చక్రవర్తి తన సమాధికి సాదా ఏర్పాట్లు చాలని రాసిన శాసనంలో ఈ సంగతే ఎత్తిచూపాడు. వేల పలకల చాకిరీ మంటల పాలైంది. ఆ పలక అమ్మితే కొనేవాడు లేడు. కాబట్టి దాని విలువ రాయిదీ కాదు, పనిదీ కాదు. హోదాది.

గోదారిగట్టు:
తీగ సంగతి నాకు తెలియదు, నా వాదన అక్కడ దెబ్బతింది. చాకిరీ ఒక్కటే అనడం తప్పు, ఒప్పుకుంటున్నాను. కానీ బియన్ హ కథ మాత్రం పాతరాతలు గారి వైపు లేదు. ఇద్దరు రాజులకు ఆ రాయిలో ఏమీ కనపడలేదు. వెన్ రాజు నమ్మింది బియన్ హ ఏడుపు చూసి కాదు, రాయిని పనికిచ్చాక బయటపడ్డది చూసి. గురువు చెప్పిన నునుపు, వెచ్చదనం, నాదం ముడిరాయికి ఎక్కడివి? ఎవరో రుద్దితే వచ్చినవి. కథలో ముగ్గురు రాజుల పేర్లున్నాయి, బియన్ హ పేరుంది. రుద్దినవాడి పేరు లేదు.

పాతరాతలు:
ఆ మాట నన్నూ కదిలించింది, వెళ్లి మళ్లీ చూశాను. మూలంలో అతన్ని "జేడ్ మనిషి" అని రాశారు. అంతే ఉంది.